డానా 44 అన్న పేరు ఒక్కటే చాలదు

సంపాదక మహాశయులకు నమస్కారం.

మీ పత్రిక వాహనాల పేజీలో ఆఫ్‌రోడ్ బండ్ల గురించి ఇటీవల ప్రచురించిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఇంజన్ శక్తి గురించీ, డాష్‌బోర్డు మీది తెర గురించీ, సీట్ల తోలు గురించీ అరపేజీకి పైగా రాసిన వ్యాసకర్త, ఇరుసుల దగ్గరికి వచ్చేసరికి బండికి ముందూ వెనకా డానా 44 ఉంది కనుక విరుగుతుందన్న బెంగ అక్కర్లేదని ఒక్క వాక్యంలో తేల్చేశారు. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యన ఉండి రెండు చక్రాలకూ శక్తి పంచే భాగం) మూతలు విప్పి, క్రౌన్ పినియన్లు (అందులోని పెద్ద పళ్లచక్రం, దాన్ని తిప్పే చిన్న పళ్లచక్రం) మార్చి, ఆ నూనె వాసన బట్టలకు పట్టించుకుంటూ చాలా ఏళ్లు గడిపినవాణ్ని కాబట్టి ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను. అందులో అబద్ధం ఉందని నేననను. అయితే ఆ భరోసాతో పాత బండి కొనేవాళ్లూ, ఉన్న బండికి పెద్ద టైర్లు తొడిగేవాళ్లూ నష్టపోయే అవకాశం ఉంది కాబట్టి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

డానా 44 అనేది ఒక కుటుంబం పేరు. ఆ పేరుతో 1940ల నుంచి నేటి వరకు తయారైన ఇరుసులన్నీ ఒక్కటే అనుకోవడం, ఒకే ఇంటిపేరు ఉన్న అన్నదమ్ములందరి బలం ఒక్కటే అనుకోవడం లాంటిది. ఆ ఇంటిపేరు ఎక్కడిదో కొంచెం చెప్పాలి. క్లారెన్స్ స్పైసర్ అనే అమెరికన్ 1904లో న్యూజెర్సీ రాష్ట్రంలోని ప్లెయిన్‌ఫీల్డ్‌లో యూనివర్సల్ జాయింట్ల (వంపులో ఉన్న రెండు షాఫ్టులను కలిపి తిప్పే కీళ్ల) తయారీ మొదలుపెట్టాడు. మన మెకానిక్కులు నేటికీ ‘క్రాస్’ అని పిలిచే భాగం అదే. 1914లో చార్లెస్ డానా ఆ సంస్థలోకి వచ్చాడు. 1919లో వాళ్లు సాలిస్‌బరీ యాక్సిల్ అనే ఇరుసుల కంపెనీని కొన్నారు. 1946లో సంస్థ పేరే డానా కార్పొరేషన్‌గా మారింది. పాత బండ్ల పుస్తకాల్లో ‘స్పైసర్ 44’ అనీ, తర్వాతి వాటిలో ‘డానా 44’ అనీ కనిపించడానికి కారణం ఈ చరిత్రే. సాలిస్‌బరీ పేరు కూడా పూర్తిగా మాసిపోలేదు. మధ్యలో పోత ఇనుప గుండు, దానికి రెండు వైపులా గట్టిగా నొక్కి దించి వెల్డింగు చేసిన గొట్టాలు, వెనక విప్పుకునే మూత ఉండే అమరికను ఇప్పటికీ సాలిస్‌బరీ తరహా అనే అంటారు.

ఈ తరహాలో డానా 44 ఎన్ని బండ్ల కిందికి చేరిందో చూస్తే, దాని పేరుకు అంత పరపతి ఎలా వచ్చిందో అర్థమవుతుంది. విల్లీస్ జీపుల వెనక ఇరుసుగా, ఇంటర్నేషనల్ స్కౌట్‌లో, 1970లలో ఫోర్డ్ బ్రాంకోకూ ఎఫ్-150కీ షెవ్రొలే ఫోర్ వీల్ డ్రైవ్ ట్రక్కులకూ ముందు ఇరుసుగా ఇది పనిచేసింది. 2003లో జీప్ రాంగ్లర్ రూబికాన్ వచ్చినప్పుడు ముందూ వెనకా రెండు ఇరుసులూ డానా 44 కావడమే ఆ బండికి పెద్ద ప్రచారం అయింది. విచిత్రం ఏమిటంటే ఈ కుటుంబం రాళ్లూ బురద దగ్గరే ఆగలేదు. షెవ్రొలే కార్వెట్, డాడ్జ్ వైపర్ వంటి స్పోర్ట్స్ కార్లలో కూడా, గొట్టాలేమీ లేకుండా స్వతంత్ర సస్పెన్షన్‌కు అమర్చిన డిఫరెన్షియల్‌గా, ఇదే పేరు కనిపిస్తుంది. 1980 నుంచి 1996 దాకా ఫోర్డ్ ఎఫ్-150 ముందు భాగంలో ఉన్న డానా 44 అయితే అసలు ఒకే ముక్క ఇరుసు కాదు, మధ్యలో కీలుతో రెండు దూలాలుగా విడిపోయిన అమరిక. గ్రాండ్ చెరోకీ బండ్లలో కొన్నింటికి వెనక వచ్చిన రకంలో మధ్య గుండు అల్యూమినియంతో పోసినది, దాని లోపలి సామాను చాలావరకు మామూలు ఇనుప 44కు పనికిరాదు. ఇవన్నీ 44లే.

మరి ఇంటిపేరు ఇంతమందికి ఉన్నప్పుడు బలాన్ని దేనితో కొలవాలి? అందరూ ముందుగా చెప్పేది క్రౌన్ చక్రం వ్యాసం. అది చెప్పడం న్యాయమే. చిన్న తమ్ముడైన డానా 30 క్రౌన్ దాదాపు 7.2 అంగుళాలు, డానా 35ది సుమారు 7.6 అంగుళాలు, మన 44ది సంప్రదాయంగా 8.5 అంగుళాలు, అంటే 216 మిల్లీమీటర్లు, పెద్దన్న డానా 60ది 9.75 అంగుళాలు. అయితే ఈ లెక్కలో కూడా 44 ఒక్కచోట నిలబడలేదు. 2007 తర్వాతి తరం రాంగ్లర్ వెనక వచ్చిన 44 క్రౌన్ 226 మిల్లీమీటర్లు. 2018 తర్వాతి తరం రూబికాన్‌లో ముందు ఇరుసుకు 210, వెనక ఇరుసుకు 220 మిల్లీమీటర్లు. వాటికి ఎం210, ఎం220 అన్న పేర్లు ఉన్నా, ప్రకటనల్లో డానా 44 అనే చెబుతారు. వీటిలో ఒకదాని క్రౌన్ పినియన్ మరొకదానికి పట్టదు. పేరు చూసి సామాను తెప్పించుకున్నవారు పెట్టె విప్పాక తల పట్టుకునేది ఇక్కడే.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను, ఎందుకంటే పొరపాటు ఎంత చిన్నదిగా మొదలవుతుందో అందులో కనిపిస్తుంది. 3.73 గేరు నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టు తిరగడానికి పినియన్ తిరగాల్సిన చుట్లు) ఉన్న పాత తరహా 44 వెనక ఇరుసున్న బండికి 31 అంగుళాల టైర్లు తీసి 37 అంగుళాలవి వేయాలనుకున్నాను. టైరు పెద్దదైతే ఒక్క చుట్టుకు బండి ఎక్కువ దూరం పోతుంది, ఇంజన్‌కు బరువు పెరుగుతుంది, దాన్ని సరిచేయాలంటే నిష్పత్తి పెంచాలి. 3.73ను 37తో గుణించి 31తో భాగిస్తే 4.45 వస్తుంది, దొరికేవాటిలో దానికి దగ్గరిది 4.56. ఇంతవరకు లెక్క సరిగ్గానే ఉంది. సామాను అమ్మిన చోట డానా 44కు 4.56 సెట్టు అడిగితే ఇచ్చారు. పినియన్ దించి, షిమ్‌లు (సందు సరిచేసే పలుచని రేకులు) సర్ది, క్రౌన్‌ను డిఫరెన్షియల్ పెట్టెకు బోల్టులతో బిగించి లోపల కూర్చోబెట్టాక చూస్తే, క్రౌన్ పళ్లకూ పినియన్ పళ్లకూ మధ్య వెలుతురు కనిపించింది. షిమ్‌లు ఎన్ని అటూ ఇటూ మార్చినా ఆ సందు పూడలేదు. టార్చి వేసి ఆ సందులోకి చూస్తూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

తప్పు సామానుది కాదు. 3.73 సెట్టులో క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 11. అదే 4.56లో క్రౌన్‌కు 41, పినియన్‌కు 9. పళ్లు తగ్గినకొద్దీ పినియన్ తల సన్నబడుతుంది, అది సన్నబడితే క్రౌన్ దానివైపు ఇంకా దగ్గరకు జరగాలి. అందుకే ఈ తరహా 44లో క్రౌన్ బిగించే పెట్టెలు రెండు రకాలుగా చేశారు. 3.73, అంతకన్నా తక్కువ నిష్పత్తులకు ఒకటి, 3.92, అంతకన్నా ఎక్కువ వాటికి మరొకటి. పెట్టె మీద క్రౌన్ ఆనే అంచు ఉండే స్థానంలో తేడా కొద్దిపాటిదే గాని, ఆ కొద్దిపాటి తేడా దాటడానికి కొత్త పెట్టె అయినా కొనాలి, లేదా పాత పెట్టెకు సరిపడేలా వెనక మందం పెంచి చేసిన క్రౌన్ అయినా తెచ్చుకోవాలి. ఇరుసు పేరు చెప్పి ఊరుకోకుండా, ఉన్న నిష్పత్తి ఎంత, వెళ్లాల్సిన నిష్పత్తి ఎంత అని ఆ రోజు నేను చెప్పి ఉంటే, అమ్మినవారు అడిగి ఉంటే, ఆ ఇరుసును రెండుసార్లు విప్పే పని ఉండేది కాదు.

ఇక విరగడం సంగతి. ఇరుసు మీద పడే మెలి (టార్క్) ఎంత అని లెక్క వేసేవారు చాలామంది ఇంజన్ వైపు నుంచి మొదలుపెడతారు. 300 న్యూటన్ మీటర్ల ఇంజన్‌ను మొదటి గేరు 4 రెట్లు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందూ వెనకా ఇరుసులకు శక్తి పంచే గేరు పెట్టె) తక్కువ వేగపు గేరు 4 రెట్లు, ఇరుసు 4.10 రెట్లు చేస్తే దాదాపు 19,700 న్యూటన్ మీటర్లు వస్తుంది. రెండు ఇరుసులకు పంచినా ఒక్కోదానికి 9,800 పైమాటే. అంత మెలి నిజంగా షాఫ్టులకు చేరితే ఏ 44 బతకదు. అది చేరకుండా కాపాడేది టైరు. పట్టు చాలక టైరు జారిపోతుంది కాబట్టి షాఫ్టు మీద పడే మెలికి ఒక పరిమితి ఉంటుంది. ఇరుసు మీద 1,000 కిలోల బరువుండి, నేల పట్టు 0.8 ఉండి, టైరు వ్యాసార్ధం 0.39 మీటర్లయితే ఆ పరిమితి సుమారు 3,060 న్యూటన్ మీటర్లు. అదే టైరును 0.47 మీటర్ల వ్యాసార్ధానికి పెంచితే 3,690 అవుతుంది. బండిలో ఇంకేమీ మార్చలేదు, ఇంజన్‌ను ముట్టుకోలేదు, అయినా ఇరుసు మోయాల్సిన మెలి ఐదో వంతు పెరిగింది. దీనికి డిఫరెన్షియల్ లాక్ (రెండు చక్రాలనూ కలిపి తిప్పే లాకర్) తోడై, ఒక చక్రం గాలిలోకి లేచి, ఇరుసు బరువంతా రెండో చక్రం మీదే పడితే, అప్పటిదాకా రెండు షాఫ్టులు పంచుకున్న మెలి మొత్తం ఒక్కదాని మీదకు వస్తుంది. రూబికాన్ వంటి బండి కొని, లాకర్ మీట నొక్కి, పెద్ద టైర్లతో రాయి ఎక్కించేవారు తెలుసుకోవాల్సింది ఈ లెక్క. క్రౌన్ 8.5 అంగుళాలన్న సంగతి దీని తర్వాతే.

పైగా ముందు ఇరుసులో ముందుగా తెగేది క్రౌన్ కాదు. స్టీరింగు పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు షాఫ్టులోని క్రాస్ వంకరగా పనిచేస్తుంది, దాన్ని పట్టి ఉంచే షాఫ్టు చెవులు ముందు సాగి తర్వాత తెగుతాయి. 44 ముందు ఇరుసుల్లో చాలావాటికీ, చిన్నదైన డానా 30కీ ఈ క్రాస్ పరిమాణం ఒక్కటే. 2003 నాటి రూబికాన్ ముందు ఇరుసునే తీసుకుంటే, మధ్యన 44 ఉన్నా చక్రాల దగ్గరి నకిల్స్ (స్టీరింగుతో చక్రాన్ని పక్కకు తిప్పే కీలు భాగాలు), హబ్ బేరింగులు డానా 30వే వేశారు. మధ్యలో పెద్దన్న వేషం, చివర్లలో తమ్ముడి చేతులు అన్నట్టు. ఇంకో సంగతి, హైపాయిడ్ పళ్లకు, అంటే ఈ ఇరుసుల క్రౌన్ పినియన్లకు ఉండే వంపు పళ్లకు, ముందువైపు ఉబ్బెత్తు ముఖం, వెనకవైపు లోతు ముఖం ఉంటాయి. ఉబ్బెత్తు ముఖం మీద బరువు పడినప్పుడు పళ్లు ఎక్కువ ఓర్చుకుంటాయి. వెనక ఇరుసుకు చేసిన పినియన్ కిందుండే అమరికనే ముందు ఇరుసుకు వాడితే, బండి ముందుకు పోతున్నప్పుడు బరువు లోతు ముఖం మీద పడుతుంది. అందుకే ఫోర్డ్ 1970ల చివర్లో కొన్ని ముందు ఇరుసులకు పినియన్ పైకి ఉండే తరహా తీసుకొచ్చింది. అదీ 44నే, ఇదీ 44నే, ముందుకు లాగేటప్పుడు మాత్రం రెండూ సమానం కావు.

వెనక ఇరుసు విషయంలో ఒక ప్రశంస కూడా న్యాయంగా చెప్పాలి. 44 వెనక ఇరుసుల్లో ఎక్కువ భాగం సెమీ ఫ్లోటింగ్, అంటే షాఫ్టు తిప్పే పనితో పాటు బండి బరువునూ మోస్తుంది. ఇదే తరహా ఇరుసుల్లో కొన్నింటికి షాఫ్టు లోపలి కొసను ఒక చిన్న సీ ఆకారపు క్లిప్పు మాత్రమే పట్టి ఉంచుతుంది, కనుక షాఫ్టు మధ్యలో తెగితే బయటి ముక్క చక్రంతో సహా జారి వచ్చేస్తుంది. 44లో సాధారణంగా ఆ పద్ధతి లేదు. బేరింగును షాఫ్టు మీద నొక్కి బిగించి, దాన్ని ఒక పలకతో గొట్టం చివర బోల్టులు వేసి కట్టేస్తారు. బేరింగుకు లోపల షాఫ్టు తెగినా చక్రం బండిని వదిలి పోదు. వేగంగా పోయే రోడ్డు మీద ఈ తేడా ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. నా దృష్టిలో 44కు వచ్చిన మంచి పేరులో సగం వాటా ఈ బేరింగు అమరికదే, క్రౌన్‌ది మిగతా సగం.

కాబట్టి కొనేవారు బండి కిందికి దూరి చూడాల్సినవి కొన్నున్నాయి. మధ్య గుండు పక్కన ఉండే ఇనుప పక్కటెముకల్లో ఒకదాని మీద 44 అన్న అంకె పోతలోనే ఉబ్బెత్తుగా వస్తుంది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డూ మట్టీ స్క్రూడ్రైవరుతో గీకి, గుడ్డతో తుడిస్తే తప్ప అది కంటపడదు. మూతకు 10 బోల్టులున్నాయి కాబట్టి 44 అని కొందరు చెబుతుంటారు, అది నమ్మదగ్గ గుర్తు కాదు, డానా 30కీ 60కీ కూడా 10 బోల్టులే. మూత బోల్టుల్లో ఒకదాని కింద చిన్న రేకు ముక్క వేలాడుతుంటే దాని మీద 41-11 వంటి అంకెలు ఉంటాయి, అవే పళ్ల సంఖ్యలు. ఆ రేకు ఊడిపోయి ఉంటే, చక్రాలు పైకి లేపి ప్రొపెల్లర్ షాఫ్టు తిరిగిన చుట్లు లెక్కపెట్టాలి, లేదా మూత విప్పి పళ్లే లెక్కపెట్టాలి. రేకు ఉన్నా నేను మూత విప్పే చూస్తాను, ఎందుకంటే గేర్లు మార్చినవారందరికీ రేకు మార్చే ఓపిక ఉండదు. పొడవాటి గొట్టం మీద చెక్కిన బిల్ ఆఫ్ మెటీరియల్ సంఖ్య కనిపిస్తే ఇంకా మంచిది, ఆ ఇరుసు ఏ బండి కోసం ఏ సామానుతో తయారైందో దాన్నిబట్టి తెలుస్తుంది. గొట్టం మందం కూడా బండిని బట్టి మారుతుంది, ఆ సంగతి 44 అన్న అంకె చెప్పదు.

మూత విప్పినప్పుడు నూనె కూడా మాట్లాడుతుంది. హైపాయిడ్ అమరికలో పినియన్ నడిరేఖ క్రౌన్ నడిరేఖ కంటే కిందికో పైకో జరిగి ఉంటుంది, అందువల్ల పళ్లు దొర్లడంతో పాటు ఒకదాని మీద ఒకటి జారుతాయి కూడా. ఆ జారుడును తట్టుకోవడానికే జీఎల్-5 తరగతి గేరు నూనె పోయాలంటారు. లిమిటెడ్ స్లిప్ (ఒక్క చక్రమే జారి తిరగకుండా అదుపు చేసే అమరిక) ఉన్న ఇరుసు అయితే దానికి తగిన రాపిడి సర్దే ద్రవం కూడా కలపాలి, లేకపోతే మలుపుల్లో గరగరమంటుంది. వేలితో నూనె తీసి చూస్తే బూడిద రంగు ముద్ద సన్నగా మెత్తగా తగిలితే అది వయసుతో వచ్చే అరుగుదల. గింజల్లా గుచ్చుకుంటే బేరింగో పళ్లో లోపల ఊడుతున్నాయని అర్థం. ఇంజన్ నూనెను నెలనెలా చూసుకునేవారు కూడా బండి కొన్నప్పటి నుంచి ఇరుసు నూనె ముఖం చూడలేదని చెప్పడం నేను చాలాసార్లు విన్నాను. నీళ్లలో నుంచి బండి నడిపినవారు మాత్రం మరీ ఆలస్యం చేయకూడదు, వేడెక్కిన ఇరుసు చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీళ్ల పక్కనుంచి నీళ్లు లాక్కుంటుంది, నూనె పాలు కలిసిన కాఫీ రంగుకు తిరుగుతుంది.

గేర్లు మార్చాక వచ్చే రొద గురించి కూడా వ్యాసంలో ఒక మాట ఉంటే బాగుండేది. కొత్త సెట్టు బిగించినప్పుడు పళ్ల మీద పసుపు రంగు ముద్ద పూసి, తిప్పి చూసి, పినియన్ ఎక్కడ ఆనుతోందో గుర్తు చూడాలి. క్రౌన్‌కూ పినియన్‌కూ మధ్య ఆడే ఖాళీ సాధారణంగా 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి, దాన్ని డయల్ గేజితో కొలవాలి. చేత్తో ఊపి సరిపోయిందనడం కుదరదు. పాత షిమ్‌లు అలాగే వాడి తొందరగా ముగించిన పనిలో ఆ గుర్తు పంటి మొదట్లోనో కొసలోనో పడుతుంది, బండి వేగం అందుకోగానే ఒక సన్నని ఊళ మొదలవుతుంది, ఆ తర్వాత ఎంత మంచి నూనె పోసినా అది పోదు. ఆ ఊళ విని 44 నాసిరకమని తిట్టినవారినీ చూశాను. తిట్టు పడాల్సింది ఇరుసు మీద కాదు, గేజి తీయని చేతి మీద.

మీ పాఠకుల్లో చాలామంది ఇప్పుడు పాత జీపులు కొని బాగుచేయించుకుంటున్నారు, మీ వ్యాసాలు చూసి నిర్ణయాలు తీసుకుంటున్నారు. అందువల్ల నాదొక విన్నపం. ఇకముందు ఏ బండి గురించి రాసినా, కొలతల పట్టికలో ఇరుసు పేరు పక్కనే క్రౌన్ వ్యాసం, షాఫ్టు స్ప్లైన్ల (కొసన ఉండే గాడుల) సంఖ్య, గేరు నిష్పత్తి, షాఫ్టు బరువు మోస్తుందా లేదా అన్న సంగతి, ముందు ఇరుసుకు వేసిన క్రాస్ పరిమాణం కూడా అచ్చువేయించండి. సీట్ల తోలు రంగుకు ఇచ్చిన చోటులో ఇవన్నీ పడతాయి. వ్యాసకర్తకు వీలైతే, సమీక్ష రాసే ముందు ఆ బండి కింద పది నిమిషాలు పడుకుని, జిడ్డు గీకి, ఆ పోత అంకెనూ రేకు మీది అంకెలనూ స్వయంగా చదివి రాయమని నా మాటగా చెప్పండి.

భవదీయుడు,
మీ పాఠకుడు